మేకు కొట్టని గోడ

మంచం మీద బొంత లేదు.

రాత్రి డ్యూటీ దిగి, ఆసుపత్రి నుంచి నడిచి వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుని వెనకదారిన లోపలికి వచ్చి, తెల్లచీర విప్పి కొక్కేనికి తగిలించి, ఇక ఒళ్ళు వాల్చడమే తరువాయి అనుకుంటూ వెనక్కి తిరిగిన సువార్తకు వట్టి నవారు కనబడింది. బొంతే కాదు, కింద పరిచే జంపఖానా లేదు, తలగడా లేదు. దొంగలు పడ్డారనుకుందామంటే, వాళ్ళు ఆ ఇంట్లో ఎత్తుకుపోదగ్గది ముందుగదిలో ముక్కాలిపీట మీద ఎర్రగుడ్డ కప్పుకుని భద్రంగా కూర్చుని ఉంది. సువార్త ఆ గదిలోకి తొంగి చూసింది. బొంత గోడకు వేలాడుతోంది. దాని పక్కన జంపఖానా. కిటికీలో తలగడ. భర్త ఇమ్మానుయేలు స్టూలెక్కి, నోట్లో రెండు మేకులు పెట్టుకుని, మూడోది కొడుతున్నాడు. ఆ రోజు శనివారం, అతనికి బడి లేదు.

"గోడకు చలేస్తాందా?" అంది సువార్త.

అతను నవ్వలేదు. నోట్లో మేకులు చేతిలోకి తీసుకుని, "గుడ్డ చప్పుడును తాగేస్తాదంట సువార్తా. అయ్యగారు కనుక్కొని వచ్చినారు. రేడియోవాళ్ళ గదుల్లో గోడలన్నిటికీ మెత్తలు కొట్టి ఉంటారంట" అన్నాడు.

"మరి నేను దేని మీద పడుకోవాల?"

"ఒక్క పూట సర్దుకోలేవా?" అన్నది అతను కాదు, వంటింట్లోంచి అత్త రూతమ్మ. "దేవుని పనికి బొంత అడిగితే మూతి ముడుచుకుంటావేమ్మే!"

సువార్త నవారు మీదే పడుకుంది. ఆ ఒక్క పూట మూడు నెలలు సాగింది.

ముక్కాలిపీట మీది టేపురికార్డరు వాళ్ళది కాదు. సంఘంలో చాలాకాలం పనిచేసిన ఒక దొరసాని, అరవై మూడో సంవత్సరం వానలు వెనకపట్టాక తన దేశం వెళ్ళిపోతూ, దాన్ని గుడికి ఇచ్చిపోయింది. సముద్రం అవతల ఏదో స్టేషనువాళ్ళు తెల్లవారుజామున తెలుగు క్రైస్తవ కీర్తనలు వేస్తారనీ, టేపు మీద పాడి పంపితే బాగున్నవి తీసుకుంటారనీ పాదిరి అబ్రహాం అయ్యగారికి తెలిసింది. ఆ సంఘంలో పాట అంటే ఇమ్మానుయేలే. మిషను బడిలో పంతులు, సన్నటి మనిషి, మాట్లాడితే పక్కవాడికి కూడా సరిగా వినబడదు. కాని నోరు తెరిచి పాడాడంటే వెనక బెంచీల మీద పిల్లల్ని ఆడించుకునే తల్లులు కూడా తలెత్తి చూస్తారు. ఆ గొంతు నిజంగా మంచి గొంతు. సువార్త కూడా కాదనదు. కడపలో నర్సు ట్రెయినింగు అవుతుండగా ఒక క్రిస్మస్ కూడికలో ఆమె అతన్ని మొదటిసారి చూసింది, చూసిందనేకన్నా విన్నది. ఆ గొంతు విని ఒప్పుకున్న పెళ్ళి ఇది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

మొదటి టేపు పోయినట్టే పోయి తిరిగొచ్చింది. "గొంతుకేం, బాగుంది. బావిలో పడిన మనిషి పాడినట్టుంది, అదే తంటా" అన్నారట స్టేషనువాళ్ళు. అనరూ మరి? కాక్స్‌టౌను వెనక వఠారంలో వాళ్ళ ముందుగది అంటే ఎర్ర గచ్చునేల, సున్నం కొట్టిన నాలుగు గోడలు, పైన రాతిపలకలు, ఒక బల్ల, ఒక పెట్టె. చప్పట్లు కొడితే గది కూడా తిరిగి చప్పట్లు కొట్టేది. పుట్టెడు సామాను ఉన్న ఇంట్లో మనిషి మాట మాటలాగే ఉంటుంది, లేని ఇంట్లోనే ఇట్లా మోగుతుంది అని సువార్తకు అప్పుడే అర్థమైంది.

ఆ గదిని ఇమ్మానుయేలు బాగుచేశాడని సంఘమంతా చెప్పుకుంది. మేకులు కొట్టింది అతనే, అది అబద్ధం కాదు. మేకులకు తగిలించవలసినవి మాత్రం సువార్త చూసుకుంది. తన సెలవు రోజున చిక్కపేటకు పోయి, బట్టల కొట్ల వెనక సందుల్లో పాత గోనెలు, గుడ్డపీలికలు బేరమాడి, మూటగట్టి బస్సులో తెచ్చింది. కండక్టరు మూటకు కూడా టిక్కెట్టు కొట్టాలన్నాడు, పక్కనున్నవాళ్ళు నవ్వారు. గోనె రెండు మడతలు వేసి మధ్యలో పీలికలు కూరి దబ్బనంతో కుట్టింది. అవి మెత్తలయ్యాయి, నేల మీద ఒక వరస, గోడలకు ఒక వరస. గోనె పీచు ముక్కులోకి పోయి ఆమెకు దగ్గు పట్టింది. ఆ దగ్గు పోతూ పోతూ ఛాతీలో ఏదో సన్నటి ఈలలాంటిది వదిలిపెట్టి పోయింది. ఆసుపత్రిలో ఎవరికైనా అట్లా ఉంటే ఆవిరి పట్టించేది. ఇంట్లో ఆవిరికి నీళ్ళు కాచుకునే తీరిక లేదు.

మెత్తలు కట్టాక గది మోగడం తగ్గింది గానీ, అతను పైస్థాయి అందుకున్నప్పుడు ఎక్కడో ఏదో జిర్రుమనేది. వెతకగా వెతకగా అది వాళ్ళ పెళ్ళిఫోటో అద్దం. ఫోటో తీసి పెట్టెలో పెట్టాడు. ఇక దాన్ని తుడిచే పని తప్పిందని సువార్త సంతోషించింది, సంతోషించినందుకు కొంచెం సిగ్గుపడింది కూడా. ఫోటో పోయాక ఇంకో మూలుగు మిగిలింది. అది ఎవరికీ దొరకలేదు. ఇమ్మానుయేలు ఆ ఒక్క స్వరమే పట్టుకుని పాడుతూ నిలబడితే, సువార్త ఇల్లంతా తిరిగి ఒక్కొక్క సామాను మీద అరచెయ్యి ఆనించి చూసింది, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. వంటింట్లో ఖాళీ ఇత్తడిబిందె దగ్గర చెయ్యి జలదరించింది.

"ఖాళీ బిందె గూడా పాడతాదా!" అని రూతమ్మ నోరు తెరిచింది. కొడుకు పాటకు బిందె తాళం వేసిందని ఆమె సంఘంలో నలుగురికీ చెప్పి మురిసిపోయింది. మురిసిపోవడం అయ్యాక బిందెలు నింపవలసిన పని మిగిలింది. బిందె నిండుగా ఉంటే మూలగదు. ఒక్క బిందెతో సరిపోలేదు. దాన్ని నింపితే గుండిగ అందుకుంది, గుండిగ నింపితే పెద్ద చెంబు. కాబట్టి పాట ఉన్న రోజు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ప్రతి పాత్రా అంచుదాకా నిండి ఉండాలి. వీధికొళాయి దగ్గర వరసలో నిలబడ్డది సువార్తే. రాత్రంతా నిలబడి వచ్చిన కాళ్ళతో పొద్దున్నే అక్కడ నిలబడేది. "మీ ఇంట్లో ఇంతమంది ఉండారా నీళ్ళు తాగేదానికి?" అని వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు. పాట కోసం బిందెలే తాగుతాయమ్మా అని చెబితే నమ్ముతారా?

అతనిది పొద్దుటి బడి. పన్నెండు దాటాక ఇంటికి వచ్చి, అన్నం తిని, కాస్త మిరియాల కషాయం తాగి పాటకు కూర్చునేవాడు. వఠారమంతా కునుకు తీసే వేళ అది, అందుకే ఎంచుకున్నాడు. కూతురు ప్రమీల బడి నుంచి వచ్చేలోపు ముగించాలి. గోడగడియారం టిక్కుటిక్కు టేపులో పడుతోందని ఆపేసేవాడు, మళ్ళీ నడపడం మరిచిపోయేవాడు. ఒకరోజు ఆ ఆగిన గడియారాన్ని నమ్మి సువార్త డ్యూటీకి ఆలస్యంగా పోయి మేట్రను చేత మాట పడింది. తలుపుకు మెత్త కొట్టి సందుల్లో పీలికలు కూరించాడు, గడప దగ్గరకు చాపలాగ చుట్టిన గోనె ఒకటి కుట్టించాడు, కిటికీకి లోపలొకటి బయటొకటి మెత్తలు బిగించాడు. అన్నీ అయ్యాక లోపల తలుపేసుకుని, రూతమ్మను వంటింట్లోంచి గట్టిగా పిలవమన్నాడు. బయటికి వచ్చి, "ఒక్క ముక్క వినబడలేదు! ఈస్ట్ స్టేషన్లో గూడ్సుబండి పోయినా లోపల తెలీదింక" అని చిన్నపిల్లాడిలాగ ఎగిరాడు. మెత్తలు తీసి మళ్ళీ కడితే మడతలు మారతాయి, మడత మారితే గొంతు మారుతుందని బొంతా జంపఖానా గోడల మీదే ఉంచేశాడు. రాత్రిళ్ళు ఆ గదిలోనే గోనెల మీద, కంబళి కప్పుకుని పడుకునేవాడు. "ఇంత నిద్ర నా జన్మలో పట్టలేదు సువార్తా, కళ్ళు మూస్తే తెల్లారుతాంది" అని ఆమె డ్యూటీ నుంచి రాగానే చెప్పేవాడు. ఆ మాట ఆమెకు చెప్పకూడదని అతనికి తట్టలేదు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు కోపమైనా వచ్చేది, కోపం వస్తే కాస్త ఓపికైనా వచ్చేదేమో.

ఇన్ని చేసినా ఒక గోడ మిగిలిపోయింది. అతను పాడేటప్పుడు వీపు వెనక ఉండే గోడ. ఆ గోడకు అవతల ఇంటి యజమానురాలు భాగీరథమ్మ పూజగది. మేకుల చప్పుడు మొదలైన నాడే ఆమె పరుగున వచ్చింది.

"మేష్ట్రప్పా, నీకు దండం పెడతాను, తక్కిన గోడలకు ఏమన్నా సేసుకో, ఆ గోడకు మాత్రం మేకు కొట్టొద్దప్పా. అవతల మా దేవుడుండాడు. ఇక్కడ మేకు దిగితే స్వామి వీపులో దిగినట్లే."

"అయ్యో, ఎంత మాటమ్మా!" అన్నాడు ఇమ్మానుయేలు, సుత్తి కింద పెట్టేసి. "మీకు నొప్పి కలిగే పని నేను చేస్తానా? ఆ గోడ జోలికే పోను." ఆమె వెళ్ళాక కూడా, పరాయి దేవుడైనా మర్యాద మర్యాదే గదా అన్నాడు. భర్తలోని ఆ మెత్తదనం సువార్తకు నచ్చింది. నిజంగానే నచ్చింది.

ఆ గోడ ఉన్నది ఉన్నట్టుగా అతని గొంతును తిరిగి అతని మీదకే విసిరేది. గోనె దుమ్ము పట్టిందని ఒకరోజు గోడ మీంచి విప్పి ఉతికిన బొంతను సువార్త ఎండలోంచి తెచ్చి, చేతుల్లో పట్టుకుని అటుగా వస్తుంటే అతను పాట మొదలుపెట్టాడు. కదిలితే చప్పుడవుతుందని ఆమె ఆ గోడ ముందే ఆగిపోయింది. తర్వాత టేపు తిప్పి వింటే, గొంతు ఎంత మెత్తగా, ఎంత దగ్గరగా పడిందో! చెవి పక్కన కూర్చుని పాడినట్టుంది. ఇమ్మానుయేలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఆమె అటు రాకుండా పెరట్లోనే ఇంకో క్షణం ఆగి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి మేకు కొట్టని గోడకు సువార్తే మేకు.

ఆ బొంత ఆమె స్వహస్తాలతో కుట్టుకున్నది. ట్రెయినింగు నాటి తెల్లచీరలు, ఉడకబెట్టి ఉడకబెట్టి నూలు మెత్తబడ్డవి, ఏడెనిమిది మడతలు వేసి, హాస్టల్లో దీపం దగ్గర కూర్చుని కుట్టింది. కప్పుకుంటే హాయి, పట్టుకుంటే బరువు. రెండు చేతులూ తల పైకెత్తి, రెండు కొసలూ వేళ్ళ మధ్య బిగించి, గోడకు వీపు ఆనించకుండా నిలబడాలి. ఆనితే బొంత గోడకు అంటుకుని పలచబడుతుందని అతనే కనిపెట్టాడు. పాట ఎంతసేపు ఉంటుంది గనక! కాని ఒక మాట తడబడితే మళ్ళీ మొదలు, గొంతులో కఫం అడ్డుపడితే మళ్ళీ మొదలు, టేపు చిక్కుపడితే మళ్ళీ మొదలు. మధ్యలో అతను చెంబెత్తి నీళ్ళు తాగేవాడు. చేతులు దించమని చెప్పడం మరిచిపోయేవాడు. కొంతసేపటికి చేతులు తిమ్మిరెక్కి, ఎవరివో పరాయివాళ్ళవి తన భుజాలకు అతికించినట్టు ఉండేవి. కళ్ళు మూతలు పడేవి. ఒక్కోసారి నిలబడే నిద్రపోయేది, బొంత జారితే ఉలిక్కిపడి లేచేది.

"ఎంత అదృష్టమమ్మా నీది" అనేవాళ్ళు ఆదివారం గుడి బయట ఆడవాళ్ళు. "ఆయన పాడతాంటే ఎదురుగా కూచొని వినేది." ఎదురుగా కాదు, వెనకాల. కూర్చుని కాదు, నిలబడి. సువార్త నవ్వేసి ఊరుకునేది. ఆ మూడు నెలల్లో ఆమె ఒక్క పాట కూడా సరిగా వినలేదు. ఏ గొంతు విని ఈ ఇంటికి వచ్చిందో ఆ గొంతు మొదలవుతుందంటేనే భుజాలు ముందుగా నొప్పెట్టేవి.

ఆసుపత్రిలో ఆమెది పిల్లల వార్డు. మూడో నెలలో ఒక తెల్లవారుజామున, మందులిచ్చే వేళ, చెమ్చాలో మందు పోసి, న్యుమోనియాతో ఉన్న ఒక పసివాడి తల ఎత్తింది. పక్క మంచం దగ్గరున్న తోటి నర్సు గ్రేస్ చప్పున వచ్చి మణికట్టు పట్టుకుంది. "అక్కా, అది పైన పూసే మందు" అంది, ఎవరికీ వినబడకుండా. చెమ్చా పిల్లవాడి పెదవుల దగ్గర ఉంది. వాడు అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు. సీసా మీద ఎర్రచీటీ ఉంది, అంత పెద్ద అక్షరాలు ఉన్నాయి, తాను చూసింది కూడా. చూసి కూడా చూడలేదు. గ్రేస్ ఎవరికీ చెప్పలేదు, సువార్తే పోయి మేట్రనుకు చెప్పుకుంది. మేట్రను, "పగలు నిద్రపోవడం నీ డ్యూటీలో సగం సువార్తా. ఆ సగం ఇంట్లో ఎవరు దొంగిలిస్తున్నారో నాకు తెలియదు. ఇంకొక్కసారి ఇట్లా అయితే నిన్ను వార్డులో ఉంచలేను, ఉంచకూడదు కూడా" అంది.

ఆ పూట ఇంటికి వచ్చి, గడపలోనే, చెప్పులు కూడా విడవకుండా జరిగినదంతా చెప్పింది.

"అయ్యో" అన్నాడు ఇమ్మానుయేలు. నిజంగానే బాధపడ్డాడు. "పిల్లోనికి ఏమీ కాలేదు గదా? దేవుడు కాపాడినాడు." లోపల టేపురికార్డరు వైపు చూసి, "ఈ ఒక్క టేపు అయిపోనీ సువార్తా. తర్వాత నీ ఇష్టం వచ్చినంతసేపు పండుకో" అన్నాడు.

"నేను నలుగురిని కన్నాను, చేను పని చేసినాను, ఒక్కనాడు పగలు పండుకోని ఎరగను" అంది రూతమ్మ. "కాలం మారిపాయ."

దేవుడు కాపాడలేదు, గ్రేస్ కాపాడింది అనుకుంది సువార్త. అనుకుని, అట్లా అనుకున్నందుకు క్షమించమని దేవుణ్ణి వేడుకుంది. వేడుకుంటూనే చెరువులో రాయిలాగ నిద్రలోకి మునిగిపోయింది. కొళాయిలో నీళ్ళొచ్చాయని రూతమ్మ తట్టి లేపింది.

తర్వాతి శనివారం ఆఖరు టేపు. అబ్రహాం అయ్యగారు ఆ సాయంత్రం రైలుకు మద్రాసు పోతున్నారు, చేతికిస్తే అక్కడ స్టేషనువాళ్ళ మనుషులకు ఒప్పజెబుతారు. మధ్యాహ్నమే గొడుగూ సంచీ పట్టుకుని వచ్చి, వంటింట్లో రూతమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ కూర్చున్నారు. ప్రమీల భాగీరథమ్మ ఇంట్లో ఆడుకుంటోంది. బిందెలు నిండి ఉన్నాయి, గడియారం ఆగి ఉంది. సువార్త ఆ పొద్దున అసలు పడుకోలేదు, ఆ రాత్రి మళ్ళీ డ్యూటీ ఉంది. బొంత ఎత్తి పట్టుకుంది. ఇమ్మానుయేలు మీట నొక్కాడు. యంత్రం ముఖాన ఉండే పచ్చటి దీపం, కన్నులాంటిది, చప్పుడైతే విచ్చుకుని చప్పుడాగితే ముడుచుకునేది, వెలిగింది. అతను పాడాడు. ఒక్క మాట తడబడలేదు. టేపు ఒక్కసారి చిక్కుపడలేదు. పల్లవికీ చరణానికీ మధ్య అతను ఆగిన చోట మాత్రం ఆ పచ్చకన్ను ముడుచుకోకుండా రెప్ప కొడుతూనే ఉండటం సువార్త చూసింది. గదిలో ఎవరూ ఏమీ అనడం లేదే అనుకుంది, నిద్రమబ్బులో.

"అయ్యగారూ, రండి! అమ్మా, రా!" అని తలుపు తెరిచి అందర్నీ లోపలికి పిలిచాడు. టేపు తిప్పి పెట్టాడు. రూతమ్మ బల్ల మీద కూర్చుని, చేతులు జోడించుకుని వింది. పల్లవి అయింది. పాట ఆగిన చోట, ఆ ఆగినంతసేపూ, ఏదో వినబడింది.

ఇమ్మానుయేలు ముఖం మాడిపోయింది. టేపు వెనక్కి తిప్పి, చప్పుడు బాగా పెంచి, మళ్ళీ పెట్టాడు.

"రైలేమో" అన్నారు అయ్యగారు.

"మూలన పామన్నా చేరిందేమో చూడరా" అంది రూతమ్మ, కాళ్ళు పైకి తీసుకుంటూ.

"కాదు, మిషను చెడినట్లుండాది. లోపల ఏదో తిరుగుతా గీచుకుంటాంది" అని ఇమ్మానుయేలు చెమటలు పట్టి, ఆ చోటే మళ్ళీ మళ్ళీ తిప్పాడు. గదంతా ఆ చప్పుడే నిండిపోయింది.

సువార్తకు మొదటిసారికే తెలిసింది. చీకటి వార్డులో మంచం మంచం దగ్గరా ఆగి వినడమే ఏళ్ళ తరబడి ఆమె పని. పీల్చేటప్పుడు సన్నటి ఈల. వదిలేటప్పుడు బరువు. మధ్యలో కాస్త ఆగడం, ఆగి ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ అందుకోవడం. ఆమె చెయ్యి దానంతట అదే తన రెండో మణికట్టు మీదికి పోయింది, నాడి లెక్క చూడటానికి. ఇదే ఊపిరి వార్డులో ఏ మంచం మీద నుంచి వచ్చినా తాను దీపం పట్టుకుని పరుగెత్తేది. డాక్టరును లేపేది. ఈ మనిషిని లేవనివ్వకండి, ఈ మనిషి చేత పని చేయించకండి, ఎవరమ్మా ఈ మనిషి తాలూకువాళ్ళు, ఇంతదాకా ఏం చేస్తున్నారు అని గట్టిగా అడిగేది. తాలూకువాళ్ళు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, టేపు చుట్టూ వంగి, రోగం యంత్రానిదా పాముదా అని వెతుకుతున్నారు.

"అది నేను" అంది సువార్త.

ముగ్గురూ తిరిగి చూశారు.

"నా ఊపిరి అది."

ఇమ్మానుయేలు కళ్ళు మూసి, గుండె మీద చెయ్యి వేసుకుని, పెద్దగా నిట్టూర్చాడు. "అమ్మయ్య! అంతేనా! మిషను చెడిపోయిందేమోనని ప్రాణం పోయినంత పనైంది నాకు." నవ్వాడు కూడా. "అయితే ఏం కాదులే. ఇంకొక్కసారి పాడేస్తాను, అయ్యగారికి రైలుకు టైముండాది. నేను ఆగినచోట నువ్వు గూడా కొంచెం ఊపిరి బిగబట్టుకో సువార్తా. అంతే గదా, ఎంతసేపు!"

సువార్త నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. వచ్చింది ఒక్కటే, ఒళ్ళంతా నిండిన అలసట. ఇన్నాళ్ళూ ఆ అలసటకు సిగ్గుపడుతూ వచ్చింది, తనలోనే ఏదో లోపం ఉన్నట్టు. ఇప్పుడు దాన్ని అందరూ విన్నారు. ఆమె బొంతను మళ్ళీ ఎత్తలేదు. నేల మీద గోనెల మీద పరిచి, మడతలు సరిచేసింది.

"ఏం చేస్తాండావు? అయ్యగారు..."

"మేకు కొట్టుకోండి" అంది సువార్త.

"ఆ గోడకెట్లా కొట్టేది? భాగీరథమ్మ చెప్పింది గదా."

"చెప్పింది. వాళ్ళ దేవుని వీపుకు నొప్పని ఒక్కసారి చెప్పింది, మీరు సుత్తి కింద పెట్టేసినారు. నాకు నొప్పని నేను చెప్పలేదు, తప్పు నాదే. ఇప్పుడు చెప్తాండాను. నాకు చేతులు నొప్పి. నాకు నిద్ర లేదు. ఈ రాత్రి నేను పోయేది పిల్లల వార్డుకు."

"దేవుని పని మధ్యలో..." అని రూతమ్మ అందుకోబోయింది. అబ్రహాం అయ్యగారు అప్పటికే లేచి నిలబడ్డారు. ఆయన సువార్త ముఖంలోకి చూడలేకపోయారు. గొడుగు తీసుకుని, "రాండమ్మా, మనం బయట కూచుందాం" అని తల వంచుకుని ముందుగా నడిచారు. రూతమ్మ గొణుక్కుంటూ వెంట పోయింది.

ఇమ్మానుయేలు మాత్రం యంత్రం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాడు. అతని ముఖంలో కోపం లేదు, దారి తప్పిన పిల్లవాడి తెల్లమొహం ఉంది. "మరి టేపు?" అన్నాడు మెల్లగా.

"దాంట్లో మీ పాట ఉండాది, బాగుండాది. నా ఊపిరి గూడా ఉండాది. అట్లనే పంపండి."

అతను టేపుచుట్ట తీసుకున్నాడు. ఆమె అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉండటం చూసి, గడప దాటాడు. సువార్త తలుపు మూసి గడియ పెట్టింది. చుట్టిన గోనెను కాలితో తోసి గడప దగ్గరకు బిగించింది. అతను తిప్పినట్టే యంత్రం మీట తిప్పింది, పచ్చకన్ను మూసుకుంది. కిటికీలోంచి తలగడ పీకి, తన తెల్లచీరల బొంతలో సగం కింద పరుచుకుని సగం పైన కప్పుకుని పడుకుంది. చేతులు పక్కన పెట్టుకుంది. ఛాతీలో ఈల మెల్లగా సాగుతోంది, దాన్ని ఎవరూ బిగబట్టమనడం లేదు.

అవతల రూతమ్మ పిలిచే ఉంటుంది, ఆమె ఊరుకునే మనిషి కాదు. కొళాయిలో నీళ్ళు వచ్చే వేళ. ప్రమీల ఆకలని వచ్చే వేళ. అతను కూడా ఒకసారి తలుపు తట్టే ఉంటాడు. మూడు నెలలుగా గోనెలు కుట్టి, సందులు పూడ్చి తాను చేసిన పని ఎంత బాగా కుదిరిందో సువార్తకు అప్పుడు తెలిసింది. ఒక్క పిలుపు కూడా లోపలికి రాలేదు.